మూడు సముద్రాల ముగ్గు

మనుమడికి సోషల్ పరీక్ష. నిన్న సాయంత్రం పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసి, "నానమ్మా, నన్ను ప్రశ్నలు అడుగు" అన్నాడు. తెరిచిన పేజీలో దేశపటం ఉంది. పటం నడుమ పెద్ద పసుపు మరక, దాని కింద 'శాతవాహన సామ్రాజ్య విస్తరణ' అని అక్షరాలు. ఆ పసుపు చూడగానే నాకు శనగపిండి వాసన వచ్చింది. ఆ వెనకే కారం ఘాటు. నిజంగానే తుమ్మాను.

"జలుబు చేసిందా నానమ్మా?"

"కాదురా, శకులు" అన్నాను.

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. ముసలిదానికి మతి తప్పుతోందని అనుమానం వచ్చి ఉంటుంది. సరే, మాట మార్చి రాజధాని ఏదని అడిగాను. "ప్రతిష్ఠానం" అన్నాడు టక్కున. తప్పు, ఓరుగల్లు అన్నాను. వాడు పుస్తకం లాక్కుని వాళ్లమ్మ దగ్గరికి ఫిర్యాదుకు పోయాడు. ఆ పుస్తకం రాసినవాళ్లు మా చిన్నత్తను ఎరగరు, వాళ్లను అని లాభం లేదు.

మాది వరంగల్ బజారులో కిరాణా దుకాణం. దుకాణం మొగం బజారుకు, ఇంటి మొగం వెనక గల్లీకి. మధ్యలో ఆరుబయలు, అందులో బావి, బావి పక్కన ఒక చిన్న గది. మిరపకాయల బస్తాలు దిగే రోజుల్లో ఇల్లంతా తుమ్ములే. బంధువులెవరైనా వస్తే ముందు తుమ్మి, ఆ తర్వాత బాగున్నారా అని అడిగేవారు. చింతపండు, బెల్లం, కొబ్బరి, కిరసనాయిలు అన్నీ కలిసిన ఆ వాసన మా బట్టలకే కాదు, మా పలకలకూ పుస్తకాలకూ పట్టేది. బడిలో నా పక్కన కూర్చునే, ఊళ్లోనే కాశిబుగ్గ వాడ నుంచి వచ్చే పిల్ల నా సంచి వాసన చూసి, "ఇయ్యాల మీ దుకాణంల ధనియాలు దిగినయా?" అని సరిగ్గా చెప్పేసేది. వాళ్లది సాలెవాళ్ల ఇల్లు. ఆమె జడలో ఎప్పుడూ ఒకటో రెండో రంగు నూలు పోగులు ఇరుక్కుని ఉండేవి.

బావి పక్క గదిలో మా చిన్నత్త ఉండేది. బాపుకు ఆఖరి చెల్లెలు. కేసముద్రంలో ధాన్యం వ్యాపారుల ఇంటికి ఇచ్చారు. మామయ్య కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. బాపు బండి కట్టుకుని పోయి చెల్లెల్ని ఇంటికి తెచ్చుకున్నాడు.

పెళ్లికి ముందు చిన్నత్త ముగ్గు వేస్తే గల్లీ ఆడవాళ్లు నీళ్ల బిందెలు చంకన పెట్టుకుని నిలబడి చూసేవారట. తిరిగి వచ్చాక ఆమె ముగ్గు డబ్బా ముట్టలేదు. ముట్టకూడదని నాయనమ్మ కట్టడి. పొద్దున్నే ఎవరికీ ఎదురు రాకూడదు, వాకిట్లోకి పోకూడదు, పసుపు కుంకుమల జోలికి పోకూడదు. అందుకని వాకిట్లో పేడనీళ్ల సానుపు చల్లి ముగ్గు వేసే పని మా అమ్మ మీద పడింది. మా అమ్మ చేతి వంటకు వంక పెట్టలేం గానీ, ముగ్గు దగ్గర మాత్రం ఆమె తామరపువ్వు మొదలుపెడితే అది గోబీపువ్వు అయి తేలేది.

చిన్నత్త పగలంతా చేట ముందేసుకుని పప్పులో రాళ్లు ఏరేది. నేను పక్కన కూర్చుంటే ఒక సంగతి కనబడేది. ఆమె వేళ్లు ఏరిన కందిపప్పును ఊరికే ఉండనిచ్చేవి కావు. బద్దలన్నీ చుక్కలుగా వరుసకట్టేవి, చుక్కల నడుమ పెసలు గీతలుగా తిరిగేవి. చేట మీద ఇంత పువ్వు విచ్చుకునేది. నేను "అబ్బ!" అనేలోపు చేట ఎగరేసి అంతా కలిపేసేది. నాకు నాయనమ్మ మీద ఒళ్లు మండిపోయేది. ఇప్పుడు ఆ వయసు నాకూ వచ్చాక కొంచెం అర్థమవుతోంది. తాత పోయిన నాటి నుంచి నాయనమ్మ తనూ ముగ్గు ముట్టలేదు. బిడ్డను ముట్టనిస్తే, తను అన్నేళ్లు ఎందుకు మానుకున్నట్టు?

మా బడి ఆడపిల్లల బడి. సోషల్ చెప్పడానికి ఆ ఏడు ఒక కొత్త టీచరమ్మ వచ్చింది. సన్నగా, గట్టిగా గాలి వీస్తే పోయేలా ఉండేది గానీ పాఠం చెప్తే బెంచీలు కదిలేవి. శాతవాహనులు ఎంత చిన్నగా మొదలయ్యారో, ఒక్కో కోట, ఒక్కో రేవు ఎలా కలుపుకుంటూ పోయారో, పడమటి దిక్కున శకులను ఎలా ఓడించారో చేతులు తిప్పుతూ చెప్పేది. వాళ్ల రాజుగారి గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయని చెప్పిన రోజు మేం ఇంటికి పోయి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మాలో ఒక్క సముద్రం చూసినవాళ్లు కూడా లేరు. మేం చూసిన పెద్ద నీళ్లు వడ్డేపల్లి చెరువు.

"టీచర్, సముద్రం నీళ్లు ఉప్పగుంటయి గదా, గుర్రాలు ఎట్ల తాగినయి?" అని కాశిబుగ్గ పిల్ల లేచింది.

"రాజుగారి గుర్రాలు, తాగమంటే తాగుతయి. కూర్చో" అంది టీచరమ్మ.

మాకు ఒక్కటే రోషం. రాజులంటే మాకు మా కోటలో ఉన్నవాళ్లే. రాతి తోరణాల కింద ఆడుకుంటూ పెరిగినవాళ్లం. వాళ్లకు వెయ్యేళ్ల ముందే ఇంకెవరో వచ్చి, ఇంకా పెద్ద రాజ్యం ఏలి, రాజధాని ఎక్కడో పెట్టుకున్నారంటే మనసొప్పలేదు.

ఇంతలో బడికి ఇన్స్పెక్షన్ సార్ వస్తున్నాడని కబురు. ప్రతి తరగతీ మైదానంలో ఏదో ఒకటి చేసి చూపించాలి. ఏడో తరగతివాళ్లు మట్టితో కోట కట్టడం మొదలుపెట్టారు. మా టీచరమ్మ శాతవాహన రాజ్యాన్ని నేల మీద పెద్ద ముగ్గుగా వేయిద్దామంది. "ఎవరికొచ్చే మంచి ముగ్గులు?" అని అడిగితే చేతులన్నీ లేచాయి. నా చెయ్యి లేవలేదు గానీ నోరు ఆగలేదు.

"మా చిన్నత్తకు వస్తయి టీచర్. ఆమె వేస్తే నడిచేటోళ్లు ఆగిపోతరు."

"అయితే తోలుకరా" అంది టీచరమ్మ. ఆ మాట ఎంత బరువో దారిలో సగం దూరం వచ్చాక తెలిసింది.

సాయంత్రం జొన్నరొట్టె, పచ్చిపులుసు ముందు కూర్చున్నప్పుడు సంగతి బయటపెట్టాను. నాయనమ్మ చేతిలో రొట్టె ముక్క గాలిలోనే ఆగిపోయింది.

"దాని చేత ముగ్గా? నోరు మూసుకొని తిను పోరి. నలుగురు ఆడపిల్లలు తిరిగే జాగ అది."

"ముగ్గు కాదు నాయినమ్మా, దేశపటం. పుస్తకంల ఉంటది."

"నేల మీద పిండితోని గీస్తే ముగ్గు గాక ఏమైతది? నా ఎంటికలు ఊకెనే తెల్లగైనయా?"

వడ్డిస్తున్న చిన్నత్త నా కంచం వైపు వంగి, "వద్దు బిడ్డా. మా అత్తకు పానం బాగలేదని చెప్పు మీ టీచరమ్మకు" అంది. కంచం చూడకుండా పోసిన పచ్చిపులుసుకు నా రొట్టె సగం తడిసింది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు పోవాలని ఉందని నాకు తెలుసు. చేట మీది పువ్వులన్నీ నేను చూశాను.

బాపు తన రొట్టె తాను తింటున్నాడు. తక్కెడలో రెండువైపులా సరిగ్గా నిలిచేదాకా నోరు విప్పడం ఆయనకు అలవాటు లేదు. చెయ్యి కడుక్కున్నాక అన్నాడు.

"అవ్వా, అది సర్కారు బడి. సర్కారు పనికి మంచిరోజు చెడ్డరోజు ఉంటదా? రేషన్ చక్కెర రాహుకాలంల ఇస్తే తెచ్చుకుంటలేమా?"

రేషన్ చక్కెర మాటకు నాయనమ్మ మెత్తబడింది. చక్కెర ఆమెకే కావాలి మరి. కంచం పక్కకు జరిపి ఒక తీర్పు చెప్పింది.

"సరే, గీసుకోని. కని ముగ్గుపిండి ముట్టద్దు, పసుపు ముట్టద్దు, కుంకుమ ముట్టద్దు. గవి లేకుంట ఏం గీసుకుంటదో గీసుకోమను."

దాంతో తగువు తెగిందనుకుని ఆమె లేచిపోయింది. బాపు మీసాల్లో నవ్వుకున్నాడు. "దుకాణం ఉన్నది గద చెల్లె" అన్నాడు.

అలా ఒక సామ్రాజ్యం మొత్తం మా కిరాణా కొట్టులోంచి లేచింది. రాజ్యం నింపడానికి పురుగు పట్టిన శనగపిండి. శకులకు అమ్ముడుపోని తాలు మిరపకాయలు దంచిన పొడి. సరిహద్దుల గీతలకు దొడ్డు ఉప్పు. అదే ఉప్పుకు బట్టల నీలిమందు కలిపితే సముద్రం. "సముద్రమన్నంక ఉప్పుతోనే ఉండాలె" అని బాపు దగ్గరుండి కలిపించాడు. నదులకు కాశిబుగ్గ పిల్ల వాళ్ల మగ్గం కింద పడిన నీలం నూలు తెస్తానని బడిలోనే మాటిచ్చింది. సరుకు కట్టే గొడవలో నేను బెల్లం బుట్టలో రెండుసార్లు చెయ్యి పెట్టిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు బాపు రిక్షాలో బస్తాలు సర్దాడు. చిన్నత్త తల నిండా కొంగు కప్పుకుని గుమ్మం లోపలే నిలబడింది. నాయనమ్మ ముందు గల్లీలోకి పోయి అటూ ఇటూ చూసి, మనిషి పొడ లేదని తేల్చుకున్నాకే రమ్మని సైగ చేసింది. రిక్షాలో చిన్నత్త తల ఎత్తలేదు. నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

బడిలో టీచరమ్మ పుస్తకం తెరిచి చిన్నత్త ముందు పెట్టి పటం చూపించింది. అంతలో పెద్ద టీచరమ్మ పిలిచింది. ఇన్స్పెక్షన్ సారుకు ఉప్మా చెయ్యాలా, పూరీలు చెయ్యాలా అన్నది తేలలేదట. టీచరమ్మ అటు పోయింది. చిన్నత్త గుప్పెట్లోకి ఉప్పు తీసుకుని, ఊడ్చి నీళ్లు చల్లిన నేలను చూస్తూ నిలబడింది.

"నడుమ చుక్క ముందు పడాలె" అంది. "మనం నిలబడ్డ జాగనే నడుమ." కూర్చుని ఒక చుక్క పెట్టింది. "గిది మన ఓరుగల్లు."

మేం చప్పట్లు కొట్టాం. మా రోషం తీరిపోయింది. ఇక పుస్తకం వైపు చూసినవాళ్లు లేరు. వర్ధన్నపేట నుంచి వచ్చే పిల్ల తన ఊరికీ చుక్క కావాలని గోల చేస్తే అదీ పడింది. కేసముద్రం చుక్క మాత్రం ఎవరూ అడగకుండానే పెట్టింది. పెట్టి, కాసేపు వేలు తీయలేదు. తర్వాత చెయ్యి సాగింది. చుక్కలు, చుక్కల చుట్టూ గీతలు. మేం పాఠం అప్పజెప్తుంటే ఆమె రాజ్యం పెంచుకుంటూ పోయింది.

తూర్పున కళింగం వైపు రాజ్యం కొంచెం ఉబ్బింది. వెంటనే పడమరన కూడా అంతే ఉబ్బించింది.

"అటు అంత లేదేమో అత్తా" అన్నాను.

"రెండు దిక్కులు సమానం లేకుంటే అదేం ముగ్గు బిడ్డా? ఒంటి గాజు ఏసుకున్నట్టుంటది."

ఎడమ మూల శకుల కోసం కారం పోశాం కాబట్టి కుడి మూల కూడా కారం పోసింది. దాంతో దేశానికి రెండు వైపులా శకులు తయారయ్యారు. తర్వాత చేతులు దులుపుకుని అడిగింది.

"తూర్పు సముద్రం ఒకటాయె, పడమటి సముద్రం ఒకటాయె. మూడు అంటిరి గద, ఇంకోటి ఏది?"

"దక్షిణం దిక్కు ఉంటది అత్తా."

"మరి గుర్రాలు ఆడిదాంక పోవాలె గద."

ఇంకేం, రాజ్యం కిందికి దిగింది. ఆకు కొసలాగా రెండు వైపుల నుంచి సన్నబడుతూ దిగింది. చోళులు, పాండ్యులు, చేరులు యుద్ధం లేకుండానే శనగపిండి కింద కలిసిపోయారు. పిచ్చుకలు పిండి మీద వాలుతుంటే సరిహద్దులకు కాపలా మేమే. సముద్రం నిజంగా ఉప్పగా ఉందో లేదో చూడాలని కాశిబుగ్గ పిల్ల ముందు నాకింది. ఆమె తర్వాత అందరం నాకాం. చిన్నత్త మమ్మల్ని చూసి పకపకా నవ్వింది. కొంగు ఎప్పుడో తల మీంచి జారిపోయింది, ఆమె చూసుకోలేదు. ఆమె పళ్లు అంత తెల్లగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

దక్షిణపు కొసన రెండు గీతలూ కలవడానికి జానెడు ఉందనగా టీచరమ్మ తిరిగొచ్చింది. నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

"అయ్యో! ఇదేందమ్మా? చోళులేరి? పాండ్యులేరి?"

"ఎవలు తల్లీ వాళ్లు? పిల్లలు చెప్పలే" అంది చిన్నత్త అమాయకంగా.

టీచరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకు అది మొదటి ఇన్స్పెక్షన్. చిన్నత్త లేచి నిలబడింది. గుప్పెట్లో ఉప్పు వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. నవ్వు ఎటు పోయిందో, మొహం మళ్లీ బావి పక్క గదిలో ఉన్నప్పటిలా అయింది.

"మా అవ్వ చెప్పనే చెప్పింది. నా చెయ్యి వడ్డది, ఆగమైంది. తుడిచేస్త తల్లీ" అని చీపురు అందుకుంది. నేను పరుగెత్తి చీపురుకు అడ్డంపడి రెండు చేతులా పట్టుకున్నాను. ఇప్పుడు ఈమె దీన్ని తుడిచేస్తే ఇంకెన్నడూ చేట మీద కూడా పువ్వు వెయ్యదని నాకు గట్టిగా అనిపించింది. అంతలో గేటు దగ్గర జీపు ఆగింది. చిన్నత్త చీపురు వదిలేసి నీళ్ల తొట్టి గోడ వెనక్కి పోయింది.

ఇన్స్పెక్షన్ సార్ లావుపాటి మనిషి. నేరుగా వస్తూ రాజ్యం అంచున కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు వెనక్కి తీసుకుని, తూర్పు తీరం వెంబడి చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే గాలి వచ్చి శకులు రెండు మూలల నుంచీ లేచారు. సార్ తుమ్మాడు, పెద్ద టీచరమ్మ తుమ్మింది, మేమందరం తుమ్మాం.

రుమాలుతో ముక్కు తుడుచుకుని, "శాతవాహనుల రాజ్యమా? మరి దక్షిణం కొస దాంక ఎట్ల పోయింది? అక్కడ వేరే రాజులు లేరా?" అన్నాడు.

మళ్లీ నా నోరే ఆగలేదు.

"గుర్రాలు మూడో సముద్రంల నీళ్లు తాగనీకి పోయినయి సార్. జర తొవ్వ ఇయ్యిండ్రి అంటే ఇచ్చిండ్రు."

"నీ నాలుక నీలంగ ఎందుకున్నది?"

"సముద్రం ఉప్పగున్నదా లేదా అని చూసిన సార్."

సార్ పొట్ట కదిలేలా నవ్వాడు. "మ్యాప్ తప్పు టీచర్ గారూ. రేపు క్లాసులో సరైంది చెప్పండి" అని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "దీన్ని మాత్రం ఎవరూ తొక్కకుండ చూడుండ్రి." అనేసి ఏడో తరగతివాళ్ల కోట వైపు పోయాడు.

చిన్నత్తను పిలుద్దామని తొట్టి వైపు తిరిగితే, గేటు పక్కన సద్దిగిన్నె పట్టుకుని నాయనమ్మ కనబడింది. బిడ్డ అన్నం మరిచి పోయిందని తెచ్చానంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. గిన్నె నా చేతికిచ్చి, రాజ్యం చుట్టూ మెల్లగా ప్రదక్షిణం చేసినట్టు తిరిగింది. దక్షిణపు కొస దగ్గర ఆగింది.

"ఓ పోరీ! ఏడున్నవే?" అని కేకేసింది.

చిన్నత్త గోడ వెనక నుంచి తల వంచుకుని వచ్చింది.

"గిదేందే? గీత కలపకుంట ఇడిసిపెట్టినవు! నోరు తెరిచిన ముగ్గు ఇడిసిపెడితే ఇంటికి మంచిదేనా? నేను నీకు నేర్పింది గిదేనా?"

"ముగ్గు కాదు నాయినమ్మా, దేశపటం" అన్నాను నేను, గిన్నె పట్టుకుని దూరంగా జరిగి.

"నోర్ముయ్. నాకు నేర్పుతాంది. గిది ముగ్గు గాకపోతే లోకంల ముగ్గే లేదు." నాయనమ్మ వంగి, బస్తాలోంచి ఉప్పు తీసి చిన్నత్త గుప్పెట్లో పోసి, వేళ్లు తనే మూసింది. "కలుపు."

చిన్నత్త కూర్చుంది. జానెడు గీత గీయడానికి ఎంత సమయం కావాలి? ఆమెకు చాలాసేపు పట్టింది. కళ్లలోంచి నీళ్లు శనగపిండి మీద టపటపా పడుతున్నాయి. రెండు గీతలూ కలిశాక నాయనమ్మ "ఆఁ" అని, సద్దిగిన్నె నా చేతిలోంచి లాక్కుని మూత తీసింది. ముగ్గురం తొట్టి నీడలో కూర్చుని పెరుగన్నం, మామిడికాయ తొక్కు తిన్నాం.

మర్నాడు పొద్దున చీపురు చప్పుడుకు మెలకువ వచ్చింది. అమ్మ చేతులు ఖాళీగా పెట్టుకుని గడపలో నిలబడి ఉంది. వాకిట్లో సానుపు చల్లి ఉంది. నాయనమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించి, కష్టపడి వంగి, ముగ్గు డబ్బాలోంచి ఇంత పిండి తీసి, వాకిలి నడుమ ఒక చుక్క పెట్టింది. తాత పోయిన తర్వాత అది ఆమె పెట్టిన మొదటి చుక్క. తర్వాత బావి వైపు తిరిగి గట్టిగా అరిచింది.

"నడుమ చుక్క పెట్టిన. మిగతాది నా మోకాళ్లతోని అయితదా? లెవ్వు!"

చిన్నత్త లేచి వచ్చింది. గల్లీలో ఒకరిద్దరు చెవులు కొరుక్కున్నారు. వారం తిరక్కముందే వాళ్లే బిందెలు చంకన పెట్టుకుని వచ్చి నిలబడ్డారు. టీచరమ్మ మరునాడే సరైన పటం గీసి మళ్లీ పాఠం చెప్పింది గానీ, పరీక్షలో మా తరగతి తరగతంతా రాజధాని ఓరుగల్లు అనే రాశాం.

ఆ గల్లీ ఇప్పుడు లేదు. దుకాణం, బావి, ఆ గది లేవు, ఆ మనుషులూ లేరు. శాతవాహనులు ఎంత దూరం పోయారో పుస్తకాల్లో ఉంది. మా చిన్నత్త బావి పక్క నుంచి వాకిలి దాకా వచ్చిన దూరం ఏ పుస్తకంలోనూ లేదు, నేను చూశాను.

రాత్రి భోజనాల ముందు మనుమడు మళ్లీ పుస్తకం పట్టుకొచ్చాడు. వాడి పెన్సిలు తీసుకుని, పసుపు మరకలో మా ఊరుండే చోట ఒక చుక్క పెట్టాను.

"నానమ్మా! పరీక్షలో అలాగే పెడితే మార్కు పోతుంది!" అని మొత్తుకున్నాడు.

"ఒక్క మార్కే గద, పోనీరా. చుక్క ఉండనీ" అన్నాను.